సలుపా, పోటా, మంటా?
క్యాన్సర్ నొప్పి గురించి ఇంటివాళ్ళకు తెలియవలసిన సంగతులు

క్యాన్సర్ వచ్చిన మనిషిని చూడడానికి వెళ్ళినప్పుడు మనలో చాలామందిమి మొదట అడిగేది "డాక్టర్లు ఏమన్నారు?" అని. తర్వాత "ఎన్ని కీమోలు అయ్యాయి, ఇంకా ఎన్ని ఉన్నాయి?" అని. తెచ్చిన పండ్లు మంచం పక్కన పెట్టి, ధైర్యంగా ఉండమని చెప్పి లేస్తాం. "రాత్రి నిద్ర పట్టిందా? పక్క మీద అటూ ఇటూ తిరగగలుగుతున్నావా? కూర్చుని నాలుగు ముద్దలు తింటున్నావా?" అని అడిగేవాళ్ళు తక్కువ. రోగికి ఆ పూట కావలసినవి ఈ ప్రశ్నలే. వాటికి జవాబు "లేదు" అయితే, చాలాసార్లు కారణం జబ్బు ఒక్కటే కాదు, జబ్బు వల్ల వచ్చిన నొప్పికి సరైన మందు అందకపోవడం కూడా.

నేను డాక్టరును కాను. బీదర్‌లో బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయినదాన్ని. మా చిన్నమ్మకు ఎముకలకు పాకిన క్యాన్సర్ ఉన్న ఎనిమిది నెలలు బీదర్‌కూ, వాళ్ళ ఊరికీ, హైదరాబాదుకూ మధ్య తిరిగాను. అప్పుడు నర్సులు, డాక్టర్లు ఓపికగా చెప్పినవీ, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ మన సంఘం కుటుంబాలకు పనికివస్తాయని రాస్తున్నాను. మోతాదులు మాత్రం రాయను. అవి మనిషి మనిషికీ వేరు, ఒకరికి రాసినది ఇంకొకరికి ప్రమాదం.

మా చిన్నమ్మది ఔరాద్ తాలూకా చింతకి. బీదర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు. నారాయణఖేడ్ వైపు సాగితే రాష్ట్రం మారిపోతుంది, మాట మారదు. ఇంట్లో తెలుగు, పిల్లల బడిలో కన్నడం, బజారులో ఉర్దూ, చుట్టాలలో కొందరికి మరాఠీ. కందులు, జొన్నలు పండించుకునే కుటుంబం. 2011లో రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది, మందులు వాడారు, బాగానే ఉంది. 2018 వానాకాలంలో నడుము నొప్పి మొదలయింది.

మొదలయిందని మాకు తెలిసింది ఎప్పుడంటే, ఆమె రొట్టెలు చేయడం మానేసినప్పుడు. జొన్నరొట్టె తట్టాలంటే పొయ్యి ముందు కింద కూర్చుని, నడుము వంచి, రెండు చేతులా పిండి మీద బరువు వేయాలి. ఆమె చేసే రొట్టె పలుచన చూసి వాడకట్టు వాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. అలాంటి మనిషి "కోడలు చేస్తది లే" అనడం మొదలుపెట్టింది. తర్వాత శనివారం గుడికి పోవడం మానేసింది. మనవడు ఒడిలోకి దూకితే కసురుకుంది. తలస్నానం వారానికోసారి అయి, పది రోజులకోసారి అయింది. అడిగితే, "ఏమో బిడ్డా, ముసలితనం గాదా, నడుములు పట్టినయి" అనేది. ఆమె కొడుకుకు, అంటే మా తమ్ముడికి, ఖర్చు మీద పడుతుందని ఆమె భయం.

ఇది మా ఇంటి సంగతే కాదు. మన పెద్దవాళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, నొప్పిని చెప్పుకోవడం ఒక చిన్నతనం. అందుకే "నొప్పి ఉందా?" అని అడిగితే నిజం బయటికి రాదు. నెల కింద చేసే పనుల్లో ఇప్పుడు ఏవి మానేశారో చూడాలి. ఎవరైనా ఇదివరకు క్యాన్సర్ చికిత్స అయినవాళ్ళు కొత్తగా నడుము నొప్పి, తుంటి నొప్పి అంటుంటే, అది రాత్రి పడుకున్నా తగ్గకపోతే, మోకాళ్ళకు రాసే తైలాలతో కాలం గడపకూడదు. ఆ నొప్పితో పాటు కాళ్ళలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం మీద అదుపు తప్పినా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. వెన్నుపూసలో పెరిగిన గడ్డ వెన్నుపామును నొక్కుతూ ఉండవచ్చు. గంటలు ఆలస్యమైతే కాళ్ళు పడిపోయి మళ్ళీ రాకపోవచ్చు.

చిన్నమ్మకు అంత దూరం రాలేదు. కానీ హైదరాబాదు చేరేలోపు నెలన్నర గడిచింది. ఆ నెలన్నరలో దగ్గరలో ఒక డాక్టరు నొప్పి భరించలేనప్పుడల్లా ఒక సూది వేసేవాడు. సూది వేస్తే నాలుగైదు గంటలు మగతగా పడుకునేది. దిగగానే మళ్ళీ అరుపులు. మళ్ళీ తమ్ముడు మోటారు సైకిల్ తీసేవాడు. రాత్రి రెండు గంటలకు తలుపు కొట్టి డాక్టరును లేపిన రోజులున్నాయి. ఇంటిల్లిపాదీ ఆ సూది చుట్టూ తిరిగింది.

మాటల్లోనే సగం వైద్యం

హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి మా వైపు నుంచి ఏనాటి నుంచో పోతున్నారు. 1955లో ఆ ఆసుపత్రి ఏర్పడినప్పుడు చింతకీ, రెడ్ హిల్సూ ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. మరుసటి ఏడాది నవంబరు 1న బీదర్ మైసూరు రాష్ట్రంలోకి పోయింది. గీతలు మారినా రోగులు పోయే దారి మారలేదు. ఎవరి పేరు మీద ఆసుపత్రి ఉందో ఆ మెహదీ నవాజ్ జంగ్ తర్వాత గుజరాత్‌కు మొదటి గవర్నరు అయ్యాడు. అక్కడ నొప్పి నివారణకు, పాలియేటివ్ వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. డాక్టర్ గాయత్రి పాలత్ వంటివారు దాన్ని నిలబెట్టి, ఎందరో నర్సులకూ డాక్టర్లకూ ఆ పని నేర్పారు.

నొప్పి విభాగంలో కూర్చున్న నర్సు చిన్నమ్మను చూసి, "నొప్పి ఎట్లా ఉంది?" అని అడిగింది. మా తమ్ముడు "చాలా ఉందమ్మా" అన్నాడు. ఆమె అతన్ని ఆపి, "ఎంత అని కాదు, ఎట్లా అని" అంటూ చిన్నమ్మ వైపు తిరిగింది.

"నడుముల సలుపుతది. కదిలితె పోటు. తొడ దాక జివ్వున గుంజుతది, కరెంటు కొట్టినట్టు."

నర్సు మూడు వేరు వేరు వరుసలుగా రాసుకుంది. ఎందుకని అడిగితే చెప్పింది. ఆగకుండా సలిపే నొప్పి, కదిలితే పోటు పొడిచే నొప్పి ఎముక నుంచి రావచ్చు. కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది, మంటెత్తేది, సూదులు గుచ్చినట్టుండేది నరం నుంచి వచ్చే నొప్పి. ఎముక నొప్పికి చాలామందికి ఒక్కసారి రేడియేషన్ ఇచ్చినా ఎంతో ఉపశమనం వస్తుంది. నరం నొప్పికి మామూలు నొప్పి గోళీలు అంతగా పనిచేయవు. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ వంటివి తోడు చేస్తారు. మొదటిది మానసిక కుంగుబాటుకు, రెండోది మూర్ఛకు వాడే మందులు. చీటీలో ఆ పేర్లు చూసి మందుల షాపులో ఎవరైనా "ఇది పిచ్చికి ఇచ్చే మందు" అంటే కంగారుపడి మానేయకండి. తక్కువ మోతాదులో నరాల నొప్పిని అణచడానికి ఇస్తారు.

నాకు ఆ రోజు తట్టిన ఆలోచన ఒకటి ఇక్కడ చెప్పాలి. సలుపు, పోటు, తీపు, మంట, గుంజు, లాగు, జివ్వు, చురుకు, తిమ్మిరి అని మన తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టండి. బయటి రాష్ట్రాలలో పెరిగిన మన పిల్లలు అమ్మమ్మలను ఆసుపత్రికి తీసుకుపోయి, ఈ మాటలన్నింటినీ డాక్టరుకు ఒకే ఒక్క "పెయిన్"గా మార్చి చెబుతారు. కొందరికి ఆ మాటల తేడా తెలియదు, కొందరికి తెలిసినా అది పట్టించుకోవలసిన సంగతి అనిపించదు. డాక్టరుకు కావలసింది ఆ తేడానే. మీ ఇంట్లో అలాంటి అవసరం ఉంటే, పెద్దావిడ అన్న మాటను అన్నట్టే కాగితం మీద రాసి, పక్కన దాని అర్థం విడమరిచి తీసుకుపొమ్మని పిల్లలకు చెప్పండి.

కర్ణాటకలో ఉన్నవాళ్ళకు ఇంకో చిక్కు. కన్నడంలో నొప్పి 'నోవు', గుంజితే 'సెళెత', మండితే 'ఉరి'. కొత్తగా ఇటు వచ్చిన తెలుగు ముసలమ్మను మంచం పక్కన నిలబడి "ఉరి ఆగుత్తా?" అని అడిగితే ఆమె గుండె ఆగినంత పని అవుతుంది. నవ్వొచ్చినా, ఇలాంటి మాట ఒకటి ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఎంత నొప్పి అన్నదానికి సున్నా నుంచి పది వరకు అంకె చెప్పమంటారు. చదువుకున్నవాళ్ళకు అది బాగానే ఉంటుంది. చిన్నమ్మ మాత్రం మొహం తేలేసింది. నేను "రూపాయికి ఎన్ని అణాల నొప్పి?" అని అడిగాను. ఆలోచించకుండా "పద్నాలుగు అణాలు" అంది. అప్పటి నుంచి మా లెక్క అణాలలోనే నడిచింది. తమ్ముడు ఒక నోటు పుస్తకంలో పొద్దున, సాయంత్రం అణాలు రాసేవాడు.

నల్లమందు భయం

మార్ఫిన్ గోళీలు రాసిచ్చినప్పుడు అసలు గొడవ మొదలయింది. మార్ఫిన్ గసగసాల మొక్క కాయ పాల నుంచి, అంటే మన పెద్దలు నల్లమందు అనే దాని నుంచి వచ్చేది. ఇంటికి రాగానే బంధువులు తలా ఒక మాట అన్నారు. అలవాటైపోతుందన్నారు ఒకరు. ప్రాణం తొందరగా పోతుందన్నారు ఇంకొకరు. "గా గోలీ ఇచ్చిన్రంటె ఇగ చేతులెత్తేసినట్టే" అని చిన్నాయన తలపట్టుకున్నాడు.

అలవాటు సంగతి ముందు. ఎక్కువ రోజులు వాడితే శరీరం ఆ మందుకు అలవాటు పడుతుంది. అకస్మాత్తుగా ఆపితే ఇబ్బంది పెడుతుంది. అందుకే ఆపాలన్నా డాక్టరు మెల్లగా తగ్గిస్తారు. కానీ అది వ్యసనం కాదు. వ్యసనం అంటే మత్తు కోసం, హాని జరుగుతున్నా వదలలేక వెంటపడడం. క్యాన్సర్ నొప్పికి లెక్క ప్రకారం, డాక్టరు పర్యవేక్షణలో వాడేవాళ్ళలో అది అరుదు. ఇదివరకు తాగుడు, మత్తుమందుల అలవాటు ఉన్నవాళ్ళ విషయంలో డాక్టరు మరింత జాగ్రత్త తీసుకుంటారు కనుక ఆ సంగతి దాచకూడదు. ఇక ప్రాణం తొందరగా పోవడం. తక్కువతో మొదలుపెట్టి, నొప్పిని బట్టి పెంచుకుంటూ ఇచ్చే మార్ఫిన్ ఆయుష్షును తగ్గించదు. ఇది చివరి రోజుల మందు కూడా కాదు. చికిత్స నడుస్తున్నవాళ్ళు నెలల తరబడి వేసుకుని, నొప్పి తగ్గాక మానేసినవాళ్ళు ఉన్నారు.

మరి ఇంత పనికొచ్చే మందు మన ఊళ్ళలో ఎందుకు కనబడదు? ఖరీదు వల్ల కాదు. మార్ఫిన్ గోళీ చవకైన మందు. మన దేశంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో గసగసాల పంట పండిస్తారు. నీమచ్‌లో, ఘాజీపూర్‌లో ప్రభుత్వ కార్ఖానాలున్నాయి. అయినా మన రోగికి దొరకలేదు. 1985లో మత్తుమందుల చట్టం వచ్చింది. దొంగ రవాణాను ఆపడానికి తెచ్చిన ఆ చట్టం కింద ఆసుపత్రులకు ఎన్నో లైసెన్సులు కావలసి వచ్చింది. కాగితాలలో చిన్న పొరపాటుకు కూడా జైలు భయం. చాలా ఆసుపత్రులు, షాపులు ఎందుకొచ్చిన తంటా అని మార్ఫిన్ పెట్టడమే మానేశాయి. అంతకు ముందు దేశంలో ఏడాదికి వందల కిలోలు వాడేవాళ్ళు, 1997 నాటికి అది 18 కిలోలకు పడిపోయింది. ఇంత పెద్ద దేశానికి! ఆ ఏళ్ళలో డాక్టరీ చదివినవాళ్ళలో మార్ఫిన్ గోళీని చేత్తో పట్టుకోకుండానే డాక్టర్లయినవాళ్ళు ఎందరో. భయపడేది మన చుట్టాలే కాదు, కొందరు డాక్టర్లు కూడా ఎందుకు భయపడతారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఈ పరిస్థితిని మార్చడానికి గట్టిగా పూనుకున్నది కేరళ. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్, వారి మిత్రులు ఒక నొప్పి క్లినిక్ మొదలుపెట్టారు. తర్వాత ఊరూరా స్వచ్ఛంద కార్యకర్తలు ఇళ్ళకు వెళ్ళి చూసే పద్ధతి అక్కడ పెరిగింది. రాజగోపాల్ గారు, ఇంకా ఎందరో ఏళ్ళ తరబడి వెంటపడగా 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. ఇప్పుడు మార్ఫిన్ సహా కొన్ని అత్యవసర మందులకు దేశమంతా ఒకే విధమైన నిబంధనలున్నాయి. గుర్తింపు పొందిన వైద్య సంస్థ వాటిని తెప్పించి రోగులకు ఇవ్వవచ్చు. కాబట్టి మీకు దగ్గరలో ఉన్న ఆసుపత్రిలో "ఇక్కడ పాలియేటివ్ విభాగం ఉందా? మార్ఫిన్ ఇచ్చే గుర్తింపు ఉందా?" అని అడగడంలో తప్పు లేదు. అది దొంగచాటు ప్రశ్న కాదు.

నొప్పి రాకముందే గోళీ

మార్ఫిన్ వాడే పద్ధతిలోనే దాని బలమంతా ఉంది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ అనే డాక్టరు, నొప్పి వచ్చాక మందు ఇవ్వడం కాదు, ముందు మందు ప్రభావం దిగకముందే తర్వాతి మోతాదు ఇవ్వాలని చూపించింది. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి ఇచ్చిన సూచనలలో కూడా ఇదే ముఖ్యం. వీలైనంత వరకు నోటి ద్వారా, గడియారం చూసి ఇవ్వాలి. మామూలు మార్ఫిన్ గోళీ పని నాలుగు గంటలు. అందుకే పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది అని వేళలు పెడతారు. అర్ధరాత్రి లేపకుండా ఉండడానికి రాత్రి పది గంటలది ఎక్కువ మోతాదుగా రాస్తారు. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే వేసుకోవడానికి అదనపు గోళీ ఎంతో, ఎన్నిసార్లో డాక్టరు చెబుతారు. అది వేసినప్పుడల్లా రాసిపెట్టాలి. రోజుకు చాలాసార్లు అవసరమవుతుంటే అసలు మోతాదు పెంచాలని దానివల్లే తెలుస్తుంది.

మా ఇంట్లో ఈ పద్ధతి నాలుగు రోజులు బాగా నడిచింది. చిన్నమ్మ రెండు రాత్రులు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. మందు మత్తు కొంత, నెలన్నర నిద్ర బాకీ కొంత. మూడో రోజుకు మగత తగ్గింది. అణాలు పద్నాలుగు నుంచి ఆరుకు దిగాయి. ఐదో రోజు మళ్ళీ పన్నెండు అయ్యాయి. పుస్తకంలో గోళీలు వేళకు ఇచ్చినట్టే ఉంది. మోతాదు చాలడం లేదేమోనని ఫోను చేయబోతుండగా, పక్క దులుపుతున్న మా మరదలికి తలగడ గలేబులో గుడ్డ మూట ఒకటి దొరికింది. అందులో ఏడు గోళీలు.

"నొప్పి లేనప్పుడు గోలీ ఎందుకు బిడ్డా? మస్తు నొస్తదన్నరు గద ముందు ముందు, అప్పటికని దాచిన" అంది చిన్నమ్మ. కరువు రోజులు చూసిన మనిషి. ధాన్యమైనా, డబ్బయినా, గోళీలైనా ముందటికి దాచిపెట్టడమే ఆమెకు తెలిసిన తెలివి. పైగా ఇప్పుడే వాడేస్తే అప్పుడు పనిచేయదని ఎవరో చెప్పారట.

నర్సు ఫోనులో ఆమెతోనే మాట్లాడింది. మార్ఫిన్ అరిగిపోయే మందు కాదని, నొప్పి పెరిగితే మోతాదు పెంచడానికి వీలుందని, పొయ్యిలో నిప్పు ఆరాక మళ్ళీ రాజేయడానికి ఎక్కువ పుల్లలు కావాలి కదా అని చెప్పింది. ఆ పొయ్యి మాట చిన్నమ్మకు అర్థమయింది. బడికి పోయే మనవడు ఫోనులో అలారం పెట్టాడు. ఆమె గోళీ మింగేదాకా ఎదురుగా నిలబడడం వాడి ఉద్యోగం.

నేను మరీ గట్టిగా చెప్పదలచుకున్నది ఇంకొకటి ఉంది. సిగ్గుపడితే లాభం లేదు. మార్ఫిన్ వేసుకునే దాదాపు ప్రతివారికీ మలబద్ధం వస్తుంది. వాంతులు, మగత కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి, ఇది సర్దుకోదు. అందుకే మొదటి రోజు నుంచే విరేచనానికి మందు కలిపి రాస్తారు. "ఇన్ని గోళీలెందుకు" అని ఇంటివాళ్ళు మానేసేది ముందు దాన్నే. వారం తిరిగేసరికి కడుపు నొప్పి, ఆకలి లేకపోవడం, చివరికి మార్ఫిన్ పడలేదని అదీ మానేయడం. ఇసబ్‌గోల్ తాగిస్తే చాలుననుకోకండి. సరిగ్గా నీళ్ళు తాగలేని రోగికి అది లోపల గట్టిపడి ఇంకా బిగిస్తుంది.

గోళీలను తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. పిల్లలు ఉన్న ఇల్లయితే మరీ జాగ్రత్త. సారాయి, డాక్టరుకు చెప్పకుండా వేసే నిద్రమాత్రలు దీనితో కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. మనిషిని లేపినా లేవకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా, కాళ్ళు చేతులు అదిరిపడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా తర్వాతి గోళీ ఇవ్వకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలి. మూత్రపిండాలు సరిగ్గా లేనివాళ్ళలో మందు పేరుకుపోవడం వల్ల కూడా ఇలా జరుగుతుంది.

చిన్నమ్మకు రేడియేషన్ ఇచ్చిన మూడు వారాలకు అణాలు రెండు మూడింటి దగ్గర నిలిచాయి. నొప్పి పూర్తిగా పోలేదు. పోతుందని నర్సు కూడా చెప్పలేదు. రాత్రి నిద్ర, తర్వాత కదలకుండా కూర్చున్నప్పుడు హాయి, తర్వాత నాలుగడుగులు వేయగలగడం, ఈ వరుసలో ఆశ పెట్టుకోమంది. అలాగే జరిగింది. అరుగు మీద కూర్చుని కూరగాయలమ్మితో బేరం ఆడిందని తమ్ముడు ఫోను చేసి చెప్పినప్పుడు నాకు పెద్ద కబురు విన్నట్టయింది. కింద కూర్చోకూడదు కనుక మరదలు గ్యాసు పొయ్యిని బల్ల మీద పెట్టి, ఎత్తు కుర్చీ వేసింది. సంక్రాంతికి నేను వెళ్ళిన రోజు చిన్నమ్మ రెండు రొట్టెలు తట్టింది. మూడోది మరదలు లాక్కుంది. అంచులు కొంచెం మందంగానే ఉన్నాయి.

నొప్పి అంతా ఎముకలోనే ఉండదని సిసిలీ సాండర్స్ అనేది. శరీరం బాధ, మనసు బాధ, ఇంటి బాధ, దేవుడు నాకే ఎందుకు చేశాడన్న బాధ, అన్నీ కలిసిన మొత్తాన్ని ఆమె నొప్పి అంది. మా పుస్తకంలో ఫిబ్రవరిలో ఒక పది రోజులు రాత్రి పదకొండు తర్వాత అదనపు గోళీలు ఎక్కువ పడ్డాయి. పగలు లేవు. స్కానులో కొత్తగా ఏమీ లేదు. ఆ రోజుల్లోనే చిన్నాయన, తమ్ముడు పక్క గదిలో రెండెకరాలు అమ్మే మాట మాట్లాడుకుంటున్నారు. ఆమె పడుకుని వింటున్నది. నా రోగానికి పిల్లల నోటి కాడి భూమి పోతున్నదన్న దిగులు. భూమి అమ్మడం లేదని, అప్పు ఎంతో, ఎట్లా తీరుస్తారో ఆమె ఎదుటే కూర్చుని లెక్క చెప్పాక ఆ రాత్రి గోళీలు తగ్గాయి. గోళీల బదులు మాటలు చాలునని నేను అనడం లేదు. వేళకు గోళీలు ఇస్తూనే, అవి ఎందుకు చాలడం లేదో వెతకాలి.

మా మరదలి గురించి రాయకపోతే అన్యాయం. రెండు గంటలకోసారి పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, పుండు పడకుండా చూడడం, ఇద్దరు పిల్లల బడి, చేలో కూలీలకు అన్నాలు. చూడవచ్చినవాళ్ళంతా ఆమె చేతి టీ తాగి, అత్తను బాగా చూసుకొమ్మని చెప్పిపోయేవాళ్ళు. ఆమె నిద్రపోయిందా అని ఎవరూ అడగలేదు. చివరికి వారానికి రెండు రాత్రులు చిన్నమ్మ దగ్గర నేను పడుకోవడం, ఒక రాత్రి తమ్ముడు చూసుకోవడం అని వంతులు వేసుకున్నాం. చూడబోయేవాళ్ళు పండ్లకు బదులు ఒక మధ్యాహ్నం కూర్చుని, ఇంటివాళ్ళను పడుకోనివ్వండి.

మన కుటుంబాలు ఎక్కడెక్కడో ఉన్నాయి కనుక నాకు తెలిసిన కొన్ని చోట్లు చెబుతాను. ఇంట్లో చూసుకోవడం సాధ్యం కానప్పుడు ఉంచుకుని చూసే హాస్పిస్‌లలో మన దేశంలో మొదటిది ముంబయిలోని శాంతి అవేదన, 1986లో మొదలయింది. బెంగుళూరులో కరుణాశ్రయ ఉంది, అక్కడ డబ్బు తీసుకోరు. హైదరాబాదులో స్పర్శ్ హాస్పిస్ ఉంది. బీదర్, కలబురగి వైపు వాళ్ళకు క్యాన్సర్ చికిత్సకు కలబురగిలో కిద్వాయి సంస్థ శాఖ ఉంది. రోగి ప్రతిసారీ బస్సులో ఊగుతూ రానవసరం లేదు. ఇంటివాళ్ళు నొప్పి రాసిన పుస్తకం, పాత చీటీలు తీసుకుని వస్తే చాలా చోట్ల వాళ్ళకే మందు ఇస్తారు. ముందే అడిగి పెట్టుకోండి. దారిలో గోళీల డబ్బాతో పాటు డాక్టరు చీటీ దగ్గర ఉంచుకోవడం మరచిపోకండి.

చిన్నమ్మ 2019 మే నెలలో, చింతకిలో తన ఇంట్లోనే పోయింది. చివరి రెండు రోజులు మింగలేకపోతే ఏం చేయాలో నర్సు ముందే చెప్పి, అవసరమైనవి ఇచ్చి ఉంచింది. పెట్టెలో ఇంకా గోళీలు మిగిలాయి. అలాంటివి చెత్తలో పడేయకూడదు, పక్కింట్లో నడుము నొప్పి అన్నవాళ్ళకు ఇవ్వకూడదు. పదకొండో రోజు దాటాక తమ్ముడు వాటిని లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, ఇచ్చినచోటే అప్పజెప్పి వచ్చాడు.